తెగించినదానా

తెలుగు సారు ‘తెగువ’ అన్న మాటకు సొంత వాక్యం రాసుకుని రమ్మన్నాడు. పదో తరగతిలో మిగతావాళ్లంతా రాజులనూ కోటలనూ రాస్తారని శివజ్యోతికి తెలుసు. ఆమెకు మాత్రం పక్కింటి శివకుమారి గుర్తొచ్చింది. పోయినేడు మిరపకోతలకు రానని ఊళ్లోనే ఉండిపోయిన ఆ పిల్లను చూసి, జ్యోతి అమ్మ రామేశ్వరమ్మ “తెగించింది” అని మూతి తిప్పింది. పుస్తకంలో మెప్పుగా ఉన్న మాట వాకిట్లోకి వచ్చేసరికి తిట్టయింది.

తెల్లారితే గుంటూరు దిక్కు మిరపకోతలకు బండి. ఇంటిల్లిపాదీ పోవాలి. పోతే జ్యోతికి పరీక్షలు పోయినట్టే.

అవ్వ పొయ్యి మీద సంగటి గెలుకుతోంది.

“అవ్వా, తెగువంటే ఏంది?”

“తెగించినోనికి తెడ్డే లింగమంటారే, అదే.” చేతిలోని తెడ్డు ఎత్తి చూపి నవ్వింది అవ్వ.

“అది తిట్టు కదా?”

“అనేటోళ్లకు తిట్టే. గుడికి పోయే దావ లేనోడు చేతిలో ఉండేదానికే మొక్కినాడు. తప్పా? ఏమే, ఎందుకడుగుతాండావు?”

జ్యోతి చూపు గోడవార కట్టిపెట్టిన మూటల మీదికి పోయింది. అవ్వ ముద్ద చేస్తూ ఆమె మొహంకేసే చూసింది.

పొద్దున బండి వచ్చి వాకిట్లో ఆగింది. మూటలన్నీ ఎక్కాయి. నాయన మహానంది “ఎక్కు పాపా” అని చెయ్యి చాపాడు. జ్యోతి ఆ చెయ్యి పట్టుకుంది గానీ ఎక్కలేదు.

“నేను రాను నాయనా. పరీక్షలు రాస్తా.”

బండిలోవాళ్లు గొల్లున నవ్వారు. “ఏమప్పా మహానందీ, నీ కూతురికి నోరుండాదే! మూగదనుకొంటిమి!”

రామేశ్వరమ్మ మొహం ఎర్రబడింది. “తెగించినావే?”

“తెగించింది.” పొయ్యి మీది సంగటి వదిలి, తెడ్డు పట్టుకునే గడపలోకి వచ్చింది అవ్వ. ఏటా మిరపచేలల్లో వేసుకునే గుడారాల కాడ వంట ఆమెదే. “నేనూ తెగించినా. ఈ ఏడు మీ కూడు మీరే వండుకోండి. నేనీడ దీనికి సంగటి చేస్తా.”

మహానంది తన చేతిలో ఉన్న కూతురి చేతిని కాసేపు చూశాడు. తర్వాత బండిలో వేసిన జొన్నల మూటను భుజానికెత్తుకుని ఇంట్లో దించి వచ్చాడు.

“మాకు ఆడ దొరుకుతాయిలే,” అన్నాడు.

బండి కదలబోతుంటే రామేశ్వరమ్మ దిగింది. కూతురి జడకు ఊడిపోతున్న రిబ్బను నొప్పి పుట్టేంత గట్టిగా ముడివేసింది.

“తెగించినదానా,” అంది. “చీకటి పడితే గొళ్లెం పెట్టుకో. అవ్వను ఒక్కదాన్నే నీళ్లకు పంపొద్దు. బాగా రాయి.”

బండి మలుపు తిరిగిపోయింది. అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. జ్యోతి ఆమె చేతిలోంచి తెడ్డు లాక్కుని లోపలికి పరుగెత్తింది.

“అవ్వా, సంగటి మాడుతాండాది!”