వాగు దాటించిన బండి

“చదవడానికి వీలుకాలేదు అని రాసెయ్యమ్మాయ్” అన్నాడు గిడ్లీ గారు. పాత పేజీలో ఆయన చూపించిన మాట నాకు కొట్టు మీది బోర్డంత స్పష్టంగా కనబడుతోంది.

ప్రతి బుధవారం చర్చి హాల్లో కూర్చుని మా ఊళ్ళో పూర్వం పేదల మీద పెట్టిన ఖర్చుల లెక్కలు చదివే గుంపు మాది. నన్ను రమ్మన్నది వినిఫ్రెడ్ ముసలావిడ. హాల్లో హీటరుంటుందని వెళ్ళాను. మా అద్దె ఇంటి గోడలు చెమ్మ, పిల్ల ఎడీకి దగ్గు. నిద్రలో దాని ఊపిరి వినబడకపోతే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. బడి మధ్యలో మానేసినదాన్ని, నాకేం వస్తుందిలే అనుకున్నాను. తీరా చూస్తే రెండొందల ఏళ్ళనాటి వంకర రాతకి బడి చదువు కన్నా మంకుపట్టు ఎక్కువ కావాలి. ‘పిల్చ్’ అంటే పసిపిల్లల గుడ్డ మీద చుట్టే ఉన్ని లంగోటి అని తేలేదాకా నాకు నిద్ర పట్టలేదు. ‘గ్రోనింగ్ బీరు’ అంటే కాన్పుకి సాయమొచ్చిన అమ్మలక్కలకి పోసే బీరట. గ్రోనింగ్ అంటే నొప్పులు పడటం. అది తెలిసిన రోజు అందరం పడీ పడీ నవ్వాం.

మా పద్ధతి ఒకటుంది. ప్రతి పేజీ ఇద్దరు విడివిడిగా చదవాలి. ఇద్దరి మాటా కలిస్తే ఖాయం. కలవకపోతే మూడో మనిషి చూడాలి. అప్పటికీ తేలకపోతే “వీలుకాలేదు”.

ఈసారి ఆ పేజీ నాకూ గిడ్లీ గారికీ పడింది. అందులో ఉన్నదిది: “నొప్పులు పడుతున్న సుసానా క్రేక్‌ని వానలో బండి మీద వాగు అవతల దింపి వచ్చినందుకు.” వాగు అవతల వేరే ఊరు. పెళ్ళికాని పిల్లకి బిడ్డ ఎక్కడ పుడితే ఆ ఊరే పోషించాలని అప్పటి చట్టం. కింది వరసలో బండివాడికి బీరు. సుసానాకి ఏమీ లేదు. అడుగున సంతకం, పేదల బాగు చూసే పెద్దమనిషి: జోసయా గిడ్లీ.

ఊరి పండగకి అచ్చు వేయబోయే పుస్తకంలో ఈ వరస కూడా ఉంటుంది. ‘నొప్పులు పడుతున్న’ తీసేస్తే ఏం మిగులుతుంది? నడవలేని ఆడదానికి బండి కట్టించిన దయగల ఊరు!

“నాకు మరక తప్ప ఏం కనబట్టం లేదు” అన్నాడాయన.

“మరక పక్క మాట మీదుందండీ.”

“నువ్వెంతవరకు చదివావేంటి?”

“మీ తాతల రాత చదివేంతవరకు.”

వెనక బల్ల దగ్గర ఎవరో టీ పొలమారి దగ్గారు. గిడ్లీ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

“చర్చి వెనక కట్టే ఇళ్ళకి పేరిచ్చావు కదా. ఎవరికివ్వాలో సోమవారం మా కమిటీలో తేలుస్తాం. ఊరివాళ్ళకే అని రూలు. నువ్వు నిన్న గాక మొన్న వచ్చావు. పాప కూడా ఇక్కడ పుట్టలేదాయె.”

“ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరు పుడుతున్నారండీ? మీ మనవలు మీ గొర్రెల కొట్టంలో పుట్టారా? అందరం టౌను ఆస్పత్రిలోనే కదా కన్నాం!”

“కోపమెందుకు? నీ తరఫున మాట్లాడదామనే ఉంది నాకు. ఊళ్ళో కలిసిపోయిన పిల్ల అని చెప్పాలంటే, కలిసిపోవాలి మరి.”

పొడి గోడలున్న ఇల్లు. దగ్గు లేని పిల్ల. నా చేతిలో పెన్సిలు. రాసేద్దునేమో కూడా. కానీ ఆ నవ్వు! నాకేదో రొట్టె ముక్క విసిరినట్టు నవ్వాడు.

“మూడో మనిషి చూడాలి. వినిఫ్రెడ్, మీరు రండి” అన్నాను.

వినిఫ్రెడ్ వచ్చింది. భూతద్దం చేతిలోనే ఉంది, పేజీ వైపు వంచనే లేదు.

“నేను ఎప్పుడో చదివానే తల్లీ. మొదటిసారి ఈ లెక్కలకి నకలు తీసినప్పుడు, నా కళ్ళు బాగున్న రోజుల్లోనే. నొప్పులు పడుతున్న అనే ఉంది. అప్పుడు వీలుకాలేదని రాసింది కూడా నేనే.”

“ఎందుకూ?”

“మా ఆయన పని చేసింది ఈ గిడ్లీల పొలంలో కదా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరూ చదవలేని మాట కాదది. చదివినవాళ్ళందరూ మూసిపెట్టిన మాట. తరతరాలుగా సుసానాని బండెక్కిస్తూనే ఉన్నారు. ఇప్పుడు పగ్గాలు నా చేతికిస్తున్నారు.

రాశాను. పెన్సిలు ములుకు విరిగేలా, ఆ మాట మొత్తం రాశాను. కాగితం వినిఫ్రెడ్ ముందుకి తోశాను.

ఆవిడ గిడ్లీ గారి వైపు చూసింది. “ఆర్నాల్డ్ గిడ్లీ, మా ఆయన పోయాడుగా. ఇంకేం చేస్తావు నన్ను?” అని సంతకం పెట్టింది. రెండు మాటలూ కలిశాయి. ఖాయం.

“సోమవారం కమిటీ ఉంది, మర్చిపోకమ్మాయ్” అన్నాడాయన. ఈసారి నవ్వలేదు.

“మర్చిపోనండీ. నేనూ వస్తాను. ఈ కాగితం తెస్తాను, పాపనీ తెస్తాను. మమ్మల్ని ఎక్కడ దింపుతారో అందరి ముందూ చెబుదురుగాని.”

పక్కన తోపుడు బండిలో నిద్రపోతున్న ఎడీ దగ్గుతూ లేచింది. దుప్పటి కప్పాను. ఇల్లు పోయినట్టేనని తెలుసు. అయినా తోపుడు బండిని తిన్నగా చర్చి వెనక్కి తిప్పి, ఇంకా కప్పు పడని ఆ ఇళ్ళ ముందు నిలబడి, ఎండ తగిలే కిటికీ ఏదో ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాను.