అడుగు గిన్నె మీది పేరు

…సిగ్గుపడవలసింది కోమల ఒక్కతేనా అన్నది నాకు ఇప్పటికీ తేలని సంగతి. గుడ్డసంచి కుట్టింది ఆమే, నిజమే. కానీ అందులో హాయిగా కూర్చున్నది నేను. నేను ఒక నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీని. రేకుకు సిగ్గేమిటని మీరు నవ్వవచ్చు. మనుషుల చేతుల్లో ఇన్నేళ్లు తిరిగితే అన్నం వేడి ఒక్కటే అంటదు.

బెజవాడలో ఒక రేకుల షెడ్డులో నన్ను గిన్నెలుగా ఒత్తారు. సముద్రానికి దగ్గరలోని ఒక చిన్న ఊరి చర్చివాళ్లు తమ ఉపదేశికి ఇవ్వడానికి నన్ను కొన్నారు. పాస్టరుగారు రాని వారాల్లో ప్రార్థన నడిపే మనిషి ఆయన. కొట్టు ముందు కూర్చుని పేర్లు కొట్టే ముసలాయన నా అడుగు గిన్నె మీద చిన్న ఉలితో చుక్క చుక్కగా కొట్టాడు: 'కె. దానియేలు, ఉపదేశి'. ఆ రోజు నొప్పి కంటే గర్వమే ఎక్కువ.

దానియేలు సైకిలు మీద పల్లెలు తిరిగేవాడు. ప్రార్థన అయ్యాక ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో గిన్నెలో తమకున్నది పెట్టేవారు. ఇంటికి వచ్చి, అమ్మా నాన్నా లేని మనవరాలు కోమలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ కూర ఎవరింటిదో వాసన చూసి చెప్పమనేవాడు. ఆ పిల్ల ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

ఆయన పోయాక కోమల టీచరై ఊరు వదిలింది. వెంట తీసుకెళ్లింది నన్నొక్కదాన్నే. మొదటి స్కూల్లో ఒక పంతులమ్మ నా మీది పేరు చదివింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం కూరలు మార్చుకునే వరసలో మేం లేము, అంతే. కోమల నన్ను ఇసుకతో, ఇటుకపొడితో తోమింది. చుక్కలు పోలేదు. రెండో స్కూలుకు బదిలీ అయినప్పుడు నీలం గుడ్డసంచి కుట్టి నన్ను అందులో దించింది. పైగిన్నెలు మూడూ తీసి పరిచేది. అడుగు గిన్నెను సంచిలోనే ఉంచి గరిటెతో అన్నం వడ్డించేది. నుదుట బొట్టు కూడా అప్పుడే వచ్చింది. ఇక్కడ మా పులిహోర కోసం చేతులు పోటీపడేవి. అదిగో, అప్పుడు నాకు హాయిగా ఉండేది. చెప్పుకోవడానికి ఇప్పుడు బాధగా ఉంది.

ఒక రెండో శనివారం టీచర్లంతా వ్యాను మాట్లాడుకుని పాత కట్టడాలు చూడటానికి బయలుదేరారు. పొద్దున్నే బౌద్ధుల స్తూపం. విరిగిన స్తంభాల మధ్య సోషల్ చెప్పే శేషఫణి మాస్టారు కళ్లజోడు సవరించుకుంటూ బోర్డు చదివి చెప్పారు.

"ఈ స్తంభం ఇచ్చినవాడు తోలుపని చేసేవాడట. ఇదుగో, పేరు చెక్కించుకున్నాడు."

"ఎంత మంచి రోజులండీ!" అంది వైదేహి, తెలుగు టీచరు. ఆ అక్షరాలను చేత్తో తడిమి కళ్లకద్దుకుంది కూడా.

మనుషులు భలేవాళ్లు. రెండు వేల ఏళ్ల నాటి పేరైతే కళ్లకద్దుకుంటారు. దానియేలు తండ్రి చేసింది కూడా తోలుపనే. కోమల చెయ్యి చాపబోయి, పైట సర్దుకున్నట్టు వెనక్కి తీసుకుంది.

తర్వాత కప్పు కూలిన తెల్లదొరల చర్చి ఒకటి చూశారు. అక్కడి నుంచి డ్రైవరు, ఇంకో పాత చర్చి ఉందని వ్యానును తన ఊరి దారి పట్టించడం చూసి కోమల నన్ను ఒళ్లోకి లాక్కుంది.

"ఆలస్యమవుతుందేమోనండీ."

"పన్నెండన్నా కాలేదు కోమలగారూ, ఎవరు తరుముతున్నారు?" అన్నారు మాస్టారు.

చర్చి చూశాక అందరికీ ఆకలేసింది. వెనక సమాధుల తోటలో, బాదంచెట్టు నీడన, ఆకులూ మట్టీ కప్పేసిన చదునైన సిమెంటు దిమ్మె ఒకటి కనబడింది. "మనకోసమే కట్టినట్టుంది," అంటూ మాస్టారు దాని మీద కూర్చున్నారు. అది ఎవరిదో కోమలకు తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆమె నన్ను దాని మీదే దించింది.

"నీ గిన్నెకు ఎంత సిగ్గే కోమలా, ఒంటి మీది గుడ్డ తియ్యనివ్వదు!" అంది వైదేహి. అందరూ నవ్వారు. కోమల కూడా నవ్వింది.

ఆ నవ్వులకు, చర్చి ఊడ్చే సంతోషమ్మ చీపురుతో వచ్చింది. "బాబూ, అది సమాధండీ. మా ఉపదేశిగారిది."

మాస్టారు ఉలిక్కిపడి లేచారు. "అయ్యో, అరుగనుకున్నానమ్మా. పేరేదీ కనబడలేదు."

"మట్టి కింద ఉందండీ. సమాధుల పండక్కి సున్నం ఏసేవోళ్లు లేక ఎనిమిదేళ్లయింది. మనవరాలుంది, రాదు." ముసలామె చూపు కోమల మీద ఆగింది. "నిన్నెక్కడో చూసినట్టుందమ్మా. ఎవరి తాలూకు?"

"మాది ఇటువైపు కాదు," అంది కోమల.

ఆమె పక్కనే సంచి ఉంది, సంచిలో నేనున్నాను, నా మీద ఆ పేరుంది. ఉలి దెబ్బలప్పుడు కూడా నేనంత ముడుచుకోలేదు. అరవడానికి నాకు నోరు లేదంటే సాకే అవుతుంది. ఇన్నేళ్లూ ఆ గుడ్డ చల్లగా ఉందని ఊరుకున్నదాన్ని.

సంతోషమ్మ తల ఊపి, పరిచిన గిన్నెలకేసి చూసింది. "ఆయనకీ ఇట్టాంటి క్యారేజీయే ఉండేది. ఏ కూర ఎవరింటిదో మనవరాలు వాసన చూసి చెప్పేద్దని ఊరంతా చాటేవోడు. ఒకరోజు మా ఇంటి చేపల పులుసు మూత తియ్యకముందే చెప్పేసిందంట. ఆ మాట నాకెన్నిసార్లు చెప్పాడో, పిచ్చి మారాజు."

కోమల చేతిలో గరిటె ఆగిపోయింది. దాన్ని పులిహోర గిన్నెలో పెట్టి, నీలం సంచి బొందు ముడి విప్పి, నన్ను బయటికి తీసింది. పేరున్న వైపు వాళ్లకు కనబడేలా దిమ్మె అంచున నిలబెట్టింది. తర్వాత ఆ ఖాళీ సంచిని మడిచి, మోకాళ్ల మీద కూర్చుని, దాంతోనే దిమ్మె మీది మట్టి తుడవడం మొదలుపెట్టింది.