సాంచె మీద నెత్తుటి మరకలు

సాంచె మీది తెల్లగుడ్డ నిండా నెత్తుటి మరకలు కనబడ్డాయి హేమలతకు. మిషన్‌లో ఎవరి చెయ్యో పడిందనుకుని మరమగ్గం మోటారు ఆపి, అత్త దగ్గరికి ఉరికింది.

కండెలు చుడుతున్న పోశవ్వ రెండు చేతులూ చాపి చూపించింది. "నాకేం గాలేదే పిల్లా. నా యేళ్లల్ల గీతలే లేవాయె, నెత్తురేడికెళ్లి అస్తది?"

నిజమే. జన్మంతా నూలు పట్టి అరిగిన ఆ వేళ్లను రేషన్ షాపు మిషను గుర్తుపట్టదు. మొన్న బియ్యానికి తల్లి వెంట వెళ్లిన హేమలత భర్త వేణు ఆ వింత చూసి, ఇంటికొచ్చాక కూడా ఆమె వేళ్లు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

హేమలత మళ్లీ సాంచె దగ్గరికి వచ్చింది. నేసిన గుడ్డను లాగే రోలరు పక్కన మరకలు చిక్కగా ఉన్నాయి. గుడ్డ జారకుండా ఆ రోలరుకు గరుకు పట్టీ చుట్టి ఉంటుంది.

తల తిప్పితే గడపలో వేణు. చేతులు రుమాలులో దాచుకున్నాడు. వీసా గడువు దాటిందని దుబాయి వాళ్లు పట్టుకుని, వేలిముద్రలు తీసుకుని, మళ్లీ రావద్దని విమానం ఎక్కించిన మనిషి. నిరుడు ఆయన తలొంచుకుని సిరిసిల్లలో బస్సు దిగినప్పుడు గల్లీ అంతా అయ్యో అంది. ఇక ఎక్కడికీ పోడని హేమలత ఒక్కతే లోలోపల సంబరపడింది.

పెళ్లైన కొత్తలో ఈ సాంచెల చప్పుడులో మాట వినబడక ఇద్దరూ కళ్లతోనే ముచ్చట్లాడుకునేవారు. తెగిన పోగును వేణు చూడకుండానే వేళ్లతో దొరకబట్టి, ముడేసి, ఆమెవైపు కనుబొమ్మ ఎగరేసేవాడు.

"గా తెగిన పోగు అతుకయ్యా," అంది హేమలత.

వేణు రుమాలు తీశాడు. తోలు లేచిన వేళ్లు పోగు మీదుగా పోయాయి. మళ్లీ పోయాయి. పోగు దొరకలేదు.

"మళ్ల దుబాయి పోదామనేనా?" అడిగింది హేమలత.

"నేనే యేళ్లు రాకిన హేమా, గా రోలర్ మీద. కోరుట్ల ఏజెంటు కొత్త వీసా ఉన్నదన్నడు. పాత ముద్రలు దొరికితే ఎయిర్‌పోర్టు నుంచే ఎనుకకు పంపుతరు. అమ్మ యేళ్ల లెక్క నాయి గూడ అరిగితే ఎవ్వడు గుర్తువడతడనుకున్న. ఆర్డర్లు లేనప్పుడు ఉత్తగ కూసుంటే, మళ్లెప్పుడు పోతవని అందరడుగుడే. నొప్పి ఓర్సుకున్న. గని పోగు చేతికి తెలుస్తలేదే... గిది మాత్రం అనుకోలే."