ఎర్రయ్యమ్మ గొంతు మోసిన డిస్కు

నేనొక హార్డ్ డిస్కుని. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి డబ్బాని. ఏ దేశంలోనో, దుమ్ము రేణువు కూడా జొరబడని ఒక హాల్లో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు నన్ను బిగించారు. వాళ్లలో ఒక్కరి ముఖమూ నేను చూడలేదు. ఓడెక్కి, లారీ ఎక్కి విజయనగరంలో ఒక దుకాణానికి చేరాను. అక్కడ నన్ను కొనుక్కున్నవాడు పైడిరాజు. బొబ్బిలిలో పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు.

మొదట్లో నాలో నిండినవన్నీ తలంబ్రాలూ, అప్పగింతలూ. పెళ్లివారు తమ కాపీ పట్టుకెళ్లగానే పైడిరాజు నన్ను తుడిచేసి, ఇంకో పెళ్లికి సిద్ధం చేసేవాడు. జన్మంతా గుర్తుండాలని జనం తీయించుకున్న వేడుక నా మీద నిండా నెల కూడా నిలిచేది కాదు. నింపడం, తుడవడం. ఆ వయసుకే నేను అలిసిపోయాను.

ఒక్కదాన్ని మాత్రం అతను ఎప్పుడూ తుడవలేదు. తాళం పడిపోయిన జూట్ మిల్లు మీద సొంతంగా ఒక సినిమా తీసుకుంటున్నాడు. పెళ్లిళ్లు లేని మూఢాల్లో కెమెరా భుజాన వేసుకుని పాత కార్మికుల ఇళ్లకు వెళ్లేవాడు. వాళ్లు దగ్గుతూ చెప్పేవాళ్లు, మధ్యలో ఏడ్చేవాళ్లు, టీ తాగి మళ్లీ చెప్పేవాళ్లు. ఆ మిల్లులోనే పనిచేసిన పైడిరాజు నాన్న అప్పలస్వామి కూడా ఒకనాడు తుప్పుపట్టిన గేటు ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. తరవాత ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు.

ఎవరి ఫోనులో వాళ్లు వీడియోలు తీసుకునే కాలం వచ్చింది. స్టూడియో మూతపడింది. కెమెరా, కంప్యూటరు అమ్మేసి పైడిరాజు ఎరువుల కొట్టులో పనికి కుదిరాడు. నన్ను మాత్రం అమ్మలేక బీరువాలో బట్టల కింద పెట్టాడు.

వాళ్లమ్మ గవరమ్మ ఒకప్పుడు బుర్రకథలు చెప్పేది. అక్క ఎర్రయ్యమ్మ తంబుర మీటుతూ కథ నడిపితే, ఈమె గుమ్మెట వాయిస్తూ వంత పాడేది. అక్క పోయి చాలా కాలమైంది. ఆమె గొంతు ఏ క్యాసెట్లోనూ మిగల్లేదు.

ఒక మధ్యాహ్నం టీవీ చానల్ నుంచి ఎవరో ఫోన్ చేశారు. అక్కచెల్లెళ్ల పాత కార్యక్రమం ఒకటి టేపుల గదిలో దొరికిందట. ఆ సాయంత్రమే వేస్తున్నారట. మళ్లీ వేస్తారో లేదో చెప్పలేమన్నారు.

గవరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఒరే, మా అక్క పాట వస్తాదట్రా. దాన్ని పట్టీసి ఉంచీ ఉపాయం ఏటైనా ఉందేట్రా?"

టీవీ తెరను ఫోనుతో తీస్తే గొంతు సరిగా రాదనీ, డిష్ పెట్టెకు డిస్కు తగిలిస్తే కార్యక్రమాన్ని ఉన్నదున్నట్టు దాచిపెడుతుందనీ పైడిరాజుకు తెలుసు. ఆ డిష్ బిగించిన ఈశ్వర్రావుకి కబురు పెట్టాడు. ముందు ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి చూశారు. చోటు చాలదని పెట్టె ఒప్పుకోలేదు. పక్కింటివాళ్లది తెచ్చి పెట్టారు. అది వచ్చే బొమ్మతో సమానంగా రాసుకోలేక అడుగడుగునా ఆగిపోయింది. చివరికి బట్టల కిందనుంచి నన్ను తీశారు. నేను పెట్టెకు నచ్చాను. కానీ తెర మీద అక్షరాలు వచ్చాయి: ఈ డిస్కును సిద్ధం చేయాలంటే ఇందులో ఉన్నదంతా చెరపాలి, సమ్మతమేనా అని.

"ఇందల ఏటైనా ఉన్నాయేటన్నా?" అని అడిగాడు ఈశ్వర్రావు.

పైడిరాజు గోడ గడియారం చూశాడు. నాలో ఉన్నదాన్ని ఇంకోచోటికి ఎక్కించే వ్యవధి లేదు. గవరమ్మ అప్పటికే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని టీవీ ముందు చాప మీద కూర్చుంది.

"ఏటీ నేదు. నొక్కీ," అన్నాడు.

తుడవడం క్షణంలో పని. గేటు ముందు కూర్చున్న అప్పలస్వామి పోయాడు. కాసేపటికి ఆయన ఉన్నచోటే ఎర్రయ్యమ్మ గొంతు విప్పింది.

ఆ తరవాత రోజూ భోజనమయ్యాక గవరమ్మ నన్ను తిప్పించుకునేది. మొదటిసారి తనని తాను చూసుకుని, "ఓలమ్మ, ఎంత బక్కగున్నానే!" అని నోరు కొంగుతో కప్పుకుంది. క్రమంగా అక్కతోపాటు పెదవులు కదిపేది. చూసిందే చూస్తున్నా ఆవిడకు విసుగు లేదు. నాకే లోపల బేరింగులు అరిగాయి.

వానాకాలంలో డిష్ మీద పిడుగు పడింది. పెట్టె కాలిపోయింది, నేను మిగిలాను. ఈశ్వర్రావు కొత్త పెట్టె బిగించి నన్ను తగిలించి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఏ పెట్టెలో రికార్డయిందో దాన్లోనే ఆడతాదన్నా. సరుకు డిస్కులో ఉంటాది, తాళంచెవి పెట్టెలో ఉంటాది. అది కాలిపోనాది గదా."

పైడిరాజు నన్ను జేబులో వేసుకుని విజయనగరం, విశాఖపట్నం తిరిగాడు. అన్నిచోట్లా అదే మాట. ఇంటికొచ్చి తల్లి ముందు కూలబడ్డాడు.

"పెద్దమ్మ పాట పోనాదమ్మా. దానికోసం నాన్నని కూడా తుడిచీసినాను."

గవరమ్మకు అర్థం కాలేదు. అప్పుడతను సినిమా సంగతీ, గేటు ముందు నాన్న మాట్లాడిన సంగతీ మొత్తం చెప్పాడు. ఆవిడ కొడుకు దగ్గరికి జరిగింది.

"ఏటి మాటలాడినాడు?"

"నీ గురించి కూడా సెప్పినాడు. సైరన్ కొట్టినప్పుడు నువ్వు గేటుకాడ కేరేజీ అట్టుకుని నిలబడీదానివని."

"నన్నొక్కపాలి అడగాల్సిందిరా," అని ఏడ్చింది. కొడుకుని తిట్టింది. కాసేపయ్యాక అతని ముందు అన్నం కంచం పెట్టింది. అతను ముద్ద ఎత్తబోతుంటే అడిగింది:

"ఆ మిల్లోలల్లో ఇంకెవులైనా బతికున్నారేట్రా?"

"ఇద్దరు ముగ్గురున్నారు. కెమెరా నేదు గదమ్మా."

"నీ సేతిలో ఫోనుంది గదా. రేపు ఎల్దాం, నానూ వస్తాను. మీ నాన్న సంగతి నాకు తెలిసినంత మరెవులికి తెలుసు?"

మర్నాడు పైడిరాజు కొట్టుకు సెలవు పెట్టాడు. నన్ను చేతిలోకి తీసుకుని, వైరు చుట్టూ చుట్టి, టీవీ పక్కన గూట్లో పెట్టాడు. లోపల ఎర్రయ్యమ్మ అలాగే ఉంది. ఆమెను నేను వినిపించలేను. తుడవడానికి వాళ్లకు మనసొప్పలేదు, పారేయడానికీ ఒప్పలేదు. మనుషులకు ఇది అలవాటే. ఇంక నాకు పనిలేదు, అదే పదివేలు.

బయట స్కూటర్ కదిలింది. వెనక కూర్చున్న గవరమ్మ పెళ్లైన కొత్తలో అప్పలస్వామి తలనిండా జనపపీచుతో ఇంటికొచ్చిన సంగతి మొదలుపెట్టింది. "ఆగమ్మా, ఫోన్ ఆన్ సేయనీ," అన్నాడు పైడిరాజు. ఆవిడ ఆగలేదు.