పక్కనుంచి కనపడని మచ్చ

రండి నాయనా, దగ్గరికి రండి. పక్కన కాదు, ఇట్లా ఎదురుగా కూర్చోండి. పక్కనుంచి చూసేవాళ్ళకు నేను వెలవెలబోతాను, నా పుట్టుక అటువంటిది. నేను ఒక కంప్యూటరు తెరను. నాకు చదువు లేదు. అక్షరాలు నా ఒంటిమీదుగా లక్షల్లో నడిచిపోయాయి గానీ ఒక్కటీ నిలవలేదు. జ్ఞాపకం మాత్రం ఎక్కడికీ పోలేదు.

నన్ను చేసినచోట నా అడుగు అంచున సన్నటి దీపాల వరస పెట్టారు. ఆ వెలుగు ఒక్కచోట గుంపు కట్టకుండా, పెనం మీద దోసెపిండి తిప్పినట్టు మూలమూలకూ సమానంగా పరవడానికి లోపల పల్చటి తెల్లపొరలు పేర్చారు. చవకరకం దాన్ని గనక పక్కచూపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మొదట ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళిళ్ళు చూపించాను. నల్లపిల్లలను తెల్లపిల్లలుగా చేయడమే అక్కడ పని. స్టూడియో మూతపడ్డాక, కడప వైపు ఒక పట్నంలో, కువైట్ వెళ్ళేవాళ్ళకు ఒంటిపరీక్ష చేసే సెంటరుకు చేరాను. నా మీద ఛాతీ ఎక్స్‌రేలు వేసేవారు. వాటిని చూసి డాక్టరు చక్రపాణి ఫిట్ అనో అన్‌ఫిట్ అనో రాసేవాడు. ఆ రెండు మాటల మీదే ఎన్నో ఇళ్ళు నడిచేవి.

ఆయనకొక అలవాటు. వచ్చిన మనిషిని నా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, పెన్ను వెనకవైపుతో నా పైమూలన గట్టిగా పొడిచి, ఇక్కడ మచ్చుంటే టీబీ, నీకు లేదు పో, అనేవాడు. ధైర్యం చెబుతున్నాననుకునేవాడు. రోజుకు నలభైమంది, నాలుగేళ్ళు, అదేచోట. ఎన్ని పోట్లని ఓర్చుకుంటాను? లోపలి పొర నలిగింది. అక్కడ వెలుగు గుంపు కట్టి చింతపిక్కంత తెల్లటి మరక తేలింది. మచ్చ లేదు లేదని పొడిచీ పొడిచీ మచ్చ తెచ్చిపెట్టాడు మహానుభావుడు.

ఆ రోజుల్లోనే కంపెనీ మనిషొకడు కొత్త తెర తెచ్చాడు. ఏ మూలనుంచి చూసినా ఒకటే రూపు, అంచునుంచి అంచుకు ఒకటే వెలుగు అని అటూ ఇటూ నడిచి చూపించాడు. డాక్టరు ముచ్చటపడి కొన్నాడు. కొని ముందు హాల్లో గోడకు బిగించాడు. తన సెంటరు గొప్పలు చెప్పే ప్రకటనలు కూర్చున్న ప్రతివాడికీ కనపడాలిగా. ఊపిరితిత్తులు చూడటానికి నేను చాలన్నాడు.

అప్పుడు వచ్చింది దస్తగిరమ్మ. ముప్పై అయిదేళ్ళ మనిషి, మండీలో టమాటా గంపలు మోసి రాయిలా గట్టిపడిన ఒళ్ళు. ఆమె చెల్లెలు చౌడమ్మ ఆరేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. బదులు మనిషి వస్తే తప్ప పంపేది లేదని ఆ ఇంటివాళ్ళ మాట. చౌడమ్మ వదిలివెళ్ళిన మూడేళ్ళ కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. దస్తగిరమ్మే పెంచుతోంది. పెద్దమ్మ అక్కడికి వెళ్తే తల్లి ఇక్కడికి వస్తుంది. అంతా ఆ ఒక్క ఎక్స్‌రే మీద ఆగి ఉంది.

డాక్టరు చెవి దగ్గర్నుంచి ఫోను తీయకుండానే నన్ను చూసి, మచ్చుంది అంటూ అన్‌ఫిట్ అని రాసేశాడు. ఆమె లేవలేదు. స్టూలు మీదనుంచే మెడ సాచి నావైపు చూసింది.

“యాడుంది సార్ మచ్చ? ఈడ్నుంచి నాకేం కనపడల్యా.”

నిజమే. ఆమె కూర్చున్న వైపుకు నేను పాలిపోయి ఉన్నాను. ఆ పల్చటి మరక ఆ తెలుపులో కలిసిపోయింది. నా పుట్టులోపమే ఆ పూట నిజం చెప్పింది.

“అది కనపడాలంటే చదువుండాలమ్మా. టమాటాల్లో పుచ్చు ఏరడం కాదు.”

“పుచ్చయితే నేను కండ్లు మూసుకోని పడతా సార్. ఇది పుచ్చు కాదు.”

తలుపు దగ్గర వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నా మరక తెల్లటి ఎముక మీద పడి కలిసిపోయినవాళ్ళు బతికిపోయారు గానీ, ఆ నవ్వినవాళ్ళలోనే ఏడుగురు సాయంత్రానికి అన్‌ఫిట్.

ఎక్స్‌రే తీసే కుళ్ళాయప్ప మాత్రం, అందరికీ ఒకే తావులో వస్తాంది సార్ అని గొణిగాడు. ఈ ప్రాంతం గాలే అంత అన్నాడు డాక్టరు.

పదోరోజున డాక్టరు బామ్మర్దే పరీక్షకొచ్చాడు. అదేచోట అదే మచ్చ. నాలుగేళ్ళలో మొదటిసారి డాక్టరు ఫోను కింద పెట్టాడు. ఆ ఎక్స్‌రేను హాల్లో తెర మీద వేయించాడు. ప్రకటనలు ఆగి, గోడమీద బామ్మర్ది ఛాతీ కడిగిన పళ్ళెంలా వెలిగింది. డాక్టరు తిరిగొచ్చి నా మీది బొమ్మను కాస్త పక్కకు జరిపాడు. ఛాతీ జరిగింది. మచ్చ జరగలేదు.

“మరి ఈ పది దినాలు వచ్చిపోయినోళ్ళు సార్?” అన్నాడు కుళ్ళాయప్ప. “పిలిపించాల్నా?”

“పిలిచి ఏమని చెప్తావు? మనమే తప్పు రాశామనా? సెంటరు మూసుకుంటావా? ముందు మా వాడికి ఫిట్ రాయి.”

నన్ను పీకి వెనక వరండాలో పడేశారు.

నెల తరవాత దస్తగిరమ్మ మళ్ళీ వచ్చింది, ఇంకొక్కసారి చూడమని అడగడానికి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, జనానికి దూరంగా, వరండాలో నా పక్కనే చతికిలబడింది. ఇంట్లో ఆమెకు కంచం వేరు చేశారట. అంటుకుంటుందన్న భయంతో పాపను తానే మేనత్త ఇంటికి పంపేసిందట. కుళ్ళాయప్ప వచ్చి, డాక్టరు ఊళ్ళో లేడని ఆమెకు చెప్పి, నావైపు చూసి, ఒక గోనెపట్టా తెచ్చి నా మీద కప్పి వెళ్ళాడు. లోపల డాక్టరు గొంతు వినిపిస్తూనే ఉంది.

ఇంతలో ఆమె ఫోను మోగింది.

“లేదు చౌడీ, ఇంగ నేను రాలేను. నా రొమ్ములో మచ్చ ఉంది. సార్ కండ్లారా సూసినాడు. నాకే కనపడల్యా, నాకు సదువు లేదు గదా.” అవతలి ఏడుపు చాలాసేపు విన్నది. “పాప నా కాడే ఉంది, బాగుంది. ఇంగ కొన్నాళ్ళు ఓర్చుకో.”

పొద్దు వాలేదాకా కూర్చుంది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

నాకు కరెంటు లేదు, నోరు లేదు. మీకు రెండూ ఉన్నాయి. అందుకని అడుగుతున్నాను నాయనా, విన్నది మనసులో పెట్టుకోండి. అటువైపు వెళ్ళినప్పుడు టమాటా మండీలో దస్తగిరమ్మ ఎవరని అడగండి. ఆమె లేకపోతే ఆ పాపకు చెప్పండి, పాప కనపడకపోతే ఎవరు కనపడితే వాళ్ళకు చెప్పండి. దస్తగిరమ్మ రొమ్ములో ఏమీ లేదు. మచ్చ నాది.