కన్నమ్మ చెప్పిన పేరు

బోరీపారా హాల్టులో బండి ఆగీ ఆగకముందే గార్డు జగ్గయ్య ఒక కాలు బ్రేకువాన్ మెట్టు మీద, ఒక కాలు కంకర మీద పెట్టి తలలు లెక్కపెట్టేశాడు. ఒకటి తక్కువ. ఆ ఒకటి ఎవరిదో చూడకుండానే తెలుసు. పచ్చజెండాను విప్పకుండా చంకలో ఇరికించుకుని గట్టు వైపు చూశాడు. ఇడ్లీల బుట్ట నెత్తిన పెట్టుకుని చిన్నమ్మలు రొప్పుకుంటూ వస్తోంది.

"బేగి రాయే. నీ కోసరం చూసి చూసి ఇంజిను ముసిలిదైపోతంది."

"ఇంకేటి ముసిలిదవుద్ది కొండన్నా? అది నీకంటే పెద్దది," అంటూ చిన్నమ్మలు బుట్టను ముందు లోపలికి తోసి, ఆ తర్వాత తను ఎక్కింది. "రేపట్నించి నా కోసం ఎవుడు ఆపుతాడు? సర్కారోడు ఆపుతాడా?"

"రేపు కాదు. ఇయ్యాలే. మద్దేనం పన్నెండుకి."

"అయితే సాయంత్రం బండి ఎవులది?"

"సర్కారుది."

"పొద్దున్న సేఠుది, సాయంత్రం సర్కారుదీనా? అదే బండి కదేటి!"

జగ్గయ్య జెండా ఊపాడు. వారం రోజులుగా అతను తనను తాను అడుగుతున్న ప్రశ్న కూడా ఇంచుమించు అదే. కాకపోతే బండి గురించి కాదు.

శివనాథ్ లైట్ రైల్వే అని పెట్టెల మీద రాసి ఉన్నా ఎవరూ ఆ పేరుతో పిలిచింది లేదు. అందరికీ అది సేఠ్ బండి. నాలుగు పెట్టెలు, ఒక పాత డీజిల్ ఇంజను, వెనకాల గార్డు ఉండే బ్రేకువాన్. కుసుమ్‌డీహ్ నుంచి హథ్‌ఖోజ్ దాకా ఇరవై మూడు కిలోమీటర్లు. సేఠ్ తాత క్వారీ రాయి మోయడానికి లైను వేయించాడు. తండ్రి ఇనప ఫ్యాక్టరీ షెడ్లలో పనిచేసే కూలీల కోసం పెట్టెలు తగిలించాడు. మనవడు బొంబాయిలో కూర్చుని దాన్ని సర్కారుకి అంటగట్టి వదిలించుకున్నాడు. ఆ బండిలో టికెట్టు లేదు. గార్డు మొహం చూసి, ఫలానా షెడ్డువాడు అని గుర్తుపడితే అదే టికెట్టు. గుర్తుపట్టకపోతే దిగిపోవాలి. ముప్పై మూడేళ్ళలో జగ్గయ్య ఎవరినీ పొరపాటున దింపలేదు.

మనిషి పొట్టి. ముప్పై మూడేళ్ళు కుడిచేత్తో కమ్మీ పట్టుకుని వేలాడడం వల్ల కుడి భుజం కిందికి జారి, నిలబడినప్పుడు ఏదో బరువు మోస్తున్నవాడిలా కనిపిస్తాడు. ఇనప దుమ్ముకి కనురెప్పల అంచులు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. ఖాకీ కోటుకి ఐదు గుండీలు. మూడు సేఠువి, రెండు పెళ్ళాం కన్నమ్మ కుట్టినవి. ఈ మధ్య మెట్టెక్కినప్పుడు రొమ్ము మధ్యలో ఏదో పట్టేసినట్టుంటే, ఎవరూ చూడకుండా అరచేత్తో రాసుకుంటాడు.

బండి మీద అతన్ని అప్పలకొండ అంటారు. కొండన్న, కొండ భయ్యా, గార్డుబాబు. ఇన్నేళ్ళుగా జగ్గయ్య అని పిలిచిన మనిషి ఒక్కరూ లేరు.

అప్పలకొండ అతని అన్న. టెక్కలి దగ్గర పల్లెలో మేస్త్రీ ఒకడు ఈ హిందీ దేశంలో రైలు పనికి మనుషుల్ని రాయించుకుంటుంటే పేరిచ్చాడు. రమ్మని ఉత్తరం వచ్చేసరికి అతను కలరాతో పోయి పదకొండో రోజు. తల్లి ఆ ఉత్తరాన్ని తమ్ముడి చేతిలో పెట్టి, "ఎల్లరా నాయినా. నీ మొకం ఆలకి తెలుసా, ఆడి మొకం తెలుసా," అంది. సేఠ్ గుమాస్తా ఉత్తరం మీద ఉన్న పేరు, ఉత్తరం మీద ఉన్న వయసు పుస్తకంలోకి ఎక్కించాడు. ఇరవై ఒక్క ఏళ్ళవాడు ఆ పూటతో ఇరవై ఐదేళ్ళవాడయ్యాడు. పని దొరికింది, పేరు పోయింది, అంతే. అప్పట్లో దానికి ఏడ్చేంత తీరిక ఎవడికుంది?

ఇప్పుడు సర్కారు తీసుకుంటోంది. సేఠ్ మనుషుల్లో యాభై ఎనిమిది నిండనివాళ్ళని రైల్వేలోకి మార్చుకుంటారట. పుస్తకం ప్రకారం అప్పలకొండకి ఈ నెలతో యాభై ఎనిమిది నిండాయి. జగ్గయ్యకి యాభై నాలుగే. అంటే ఎన్నడో బూడిదైన అన్న ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి రిటైరవుతాడు. తమ్ముడి దగ్గర మిగిలిన నాలుగేళ్ళూ గాలికి పోతాయి. వాటితో పాటే యార్డు పక్కనున్న క్వార్టరూ.

రైల్వే తరఫున వచ్చిన ఆఫీసరు రామమోహనరావు మంచివాడే. ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ కాలనీలో, సెక్టర్ 4లో పుట్టి పెరిగిన ఆంధ్రా ఇంజనీరు కొడుకు. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడితే హిందీలోకి జారిపోతాడు. జగ్గయ్య గోడు విని, "దేఖో బాబా, పాత గుమాస్తా పొరపాటున అన్న పేరు రాశాడని నేను రాస్తాను. మీ సర్వీసు ఎక్కడికీ పోదు. కానీ మీరు పనిలో చేరకముందు నుంచి ఎరిగిన రక్తసంబంధం వాళ్ళు ఒకరు వచ్చి మీ పేరు చెప్పాలి. వేలిముద్ర వెయ్యాలి. గురువారం పన్నెండు లోపల," అన్నాడు.

ఇవాళే గురువారం. ఎరిగినవాళ్ళు ఒక్కరే మిగిలారు. కన్నమ్మ. మేనమామ కూతురు. అన్నదమ్ములిద్దరి భుజాల మీదా ఎక్కి తిరిగిన పిల్ల.

బండి హథ్‌ఖోజ్ చేరాక జగ్గయ్య క్వార్టరుకి నడిచాడు. కన్నమ్మ అప్పటికే నేత చీర కట్టుకుని, తలకి నూనె పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఏటి, బయమా?" అన్నాడు.

"బయమేటి. ఆడు పులా?"

"ఏటి సెప్పాలో గుర్తుందా?"

"గుర్తుంది. మీ బావలిద్దరిలో ఈయన ఎవులు అంటే, చిన్నోడు అనాల. పేరు సెప్పాల."

"ఏ పేరు?"

కన్నమ్మ మొహం అటు తిప్పుకుంది. "అదే. నీ పేరు."

"ఓపాలి అను."

"సీ! నీ ముందరా?" పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. యాభై దగ్గరపడుతున్నా ఆ నవ్వు మాత్రం పుస్తె కట్టిన నాటిదే. "అక్కడ సెప్తాన్లే. నువ్వు మాత్రం గదిలో ఉండకు. నువ్వుంటే నానసలు సెప్పలేను."

జగ్గయ్యకి అది సమంజసంగానే తోచింది. మొగుడి పేరు ఎత్తని ఆడదాన్ని అతనూ తప్పుపట్టడు. అతని తల్లీ ఎత్తలేదు, ఆమె తల్లీ ఎత్తలేదు. కూతురు నీలిమని చేర్చిన బడిలో తండ్రి పేరు అడిగినప్పుడు, రేషను కార్డువాడు అడిగినప్పుడు, కాన్పుల ఆస్పత్రిలో నర్సు అడిగినప్పుడు కన్నమ్మే గబగబా చెప్పేది. వాళ్ళకి కావలసింది కాగితం మీది పేరే కాబట్టి ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఆమె అంత సులువుగా ఎలా చెప్పగలిగేదో అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆఫీసు వరండాలో బెంచీ మీద అతను కూర్చున్నాడు. కన్నమ్మ చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. లోపల రామమోహనరావు, టైపు మిషను ముందు గుమాస్తా, సాక్షిగా ఇంకెవరో ఇద్దరు మగవాళ్ళు. ఫ్యాను చప్పుడు.

"అమ్మా, మీకు ఈయన ఎప్పట్నుంచి తెలుసు?"

"పుట్టినకాణ్ణుంచీ బాబూ. మా మేనత్త కొడుకు."

"ఇద్దరన్నదమ్ములు కదా. పెద్దాయన?"

"పోనాడు బాబూ. కలరాలో."

"మరి మీ ఆయన పేరేంటి?"

ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. జగ్గయ్య బెంచీ అంచు పట్టుకున్నాడు.

"చెప్పండమ్మా. గట్టిగా చెప్పండి. మీ ఆయన పేరు?"

"అదే బాబూ... ఆయన పేరు..." గొంతు కిందికి పోయింది. మగవాళ్ళలో ఎవరో దగ్గారు. గుమాస్తా మిషను మీద వేళ్ళు పెట్టుకుని చూస్తున్నాడు కాబోలు. మరుక్షణంలో కన్నమ్మ గొంతు స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా తడబడకుండా వినిపించింది. "అప్పలకొండ."

మిషను టకటకలాడింది.

జగ్గయ్య లేచి లోపలికెళ్ళేసరికి కన్నమ్మ బొటనవేలికి సిరా అంటించి, కాగితం మీద అద్ది, వేలిని చూసుకుంటోంది. రామమోహనరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బాబా, ఇదేంటి? మీరొకటి చెప్పారు, ఆవిడొకటి చెప్పింది."

"అది నా పేరు పలకదు బాబూ. ఆడాళ్ళు..."

"పలకదంటారేంటి? ఇప్పుడే పలికింది. బిల్‌కుల్ సాఫ్‌గా పలికింది. నలుగురం విన్నాం." ఆయనకి కోపం లేదు, నిజంగానే అర్థం కాలేదు. ఆయన ఇంట్లో మొగుడూ పెళ్ళాం పేర్లు పెట్టుకుని పిలుచుకుంటారో ఏమో. "మీ పేరు అది కాకపోతే, ఇంకో మగాడి పేరు తీసుకొచ్చి మొగుడి పేరని ఎందుకు చెప్తుంది?"

ఆ మాటకి సాక్షుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. కన్నమ్మ తల వంచుకుంది. మెడ దాకా ఎర్రబడింది.

జగ్గయ్య నోరు తెరిచాడు. విడమరిచి చెప్పవచ్చు. అది దాని చిన్ననాటి కొండ బావ పేరు బాబూ, పెళ్ళికి ముందే పోయినవాడి పేరు, అందుకే దాని నోటికి అడ్డం రాదు, అడ్డం వచ్చేది నాదే, అని. చెబితే ఇంకోసారి అడుగుతారు. ఆ నలుగురి ముందూ ఇంకోసారి దాన్ని నిలబెట్టి, మొదట చెప్పిందెవడి పేరు, ఇప్పుడు చెప్పేదెవడి పేరు అని నిలదీస్తారు. ఇందాక నవ్వినవాడు ఈసారి బయటికే నవ్వుతాడు.

"అదే నా పేరు బాబూ," అన్నాడు జగ్గయ్య.

పన్నెండింటికి ప్లాట్‌ఫారం మీద సేఠ్ జెండా దింపారు. పేర్లు చదివారు. అప్పలకొండ అని పిలిస్తే జగ్గయ్య వెళ్ళి నిలబడ్డాడు. బంతిపూల దండ వేశారు. ఎవరికి వేస్తున్నారో తేల్చుకోలేక తల వంచడం ఒక క్షణం ఆలస్యం చేశాడు.

వేప చెట్టు కింద కన్నమ్మ అతని కోసం కాచుకుని ఉంది. సిరా వేలిని చీరకి అంటకుండా దూరంగా పట్టుకుంది.

"నోరు రానేదు," అంది నేల చూస్తూ. "అంతమంది మగోళ్ళు... గొంతుకాడికొచ్చి దిగిపోనాది. ఏదో ఓ పేరు సెప్పాల గదా. పుస్తకంలో ఉన్నదే అయితే తప్పవదు అనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే సెప్పినాను, ఎవుడూ తప్పనలేదు. తప్పైపోనాదా?"

"తప్పేటి నేదు."

"మరి పని ఉంచుతారా?"

"ఆల పద్ధతేటో నాకు తెలీదే. అంతా గందరగోళంగా ఉన్నాది." దండ తీసి ఆమె చేతికిచ్చాడు. "ఇంటికెల్లి పడుకో. నాను ఓసారి కుసుమ్‌డీహ్ దాకా ఎల్లొస్తాను."

"ఎందుకు?"

అతనికి తెలియదు. అయిదింటికి బండి ఉంది. ముప్పై మూడేళ్ళుగా అయిదింటి బండికి అతను వెళ్ళని రోజు లేదు. కారణం అంతే.

పొద్దున లేని టికెట్టు కిటికీ ఒకటి సాయంత్రానికి స్టేషను గోడలో తెరుచుకుని ఉంది. దాని ముందు కూలీలు వరసలో నిలబడాలో తోసుకోవాలో తెలియక కలగాపులగంగా మూగారు. జగ్గయ్య వంతు వచ్చాక, ఊరి పేరు చెప్పాడు. "రానూపోనూనా?" అని లోపలివాడు అడిగాడు. అవునన్నాడు. గట్టి అట్టముక్క ఒకటి బయటికొచ్చింది. మధ్యలో సన్నటి గీత, దానికి అటొక ఊరు, ఇటొక ఊరు.

అలవాటుగా బ్రేకువాన్ దాకా నడిచాడు. మెట్టు మీద కొత్త గార్డు మనోజ్‌కుమార్ ఉన్నాడు. తెల్ల యూనిఫాం. సెక్టర్ 2లో ఉంటున్న విజయనగరంవాళ్ళ అబ్బాయి.

"అంకుల్, రండి, నా దగ్గర కూర్చోండి. ఆప్ కీ హీ గాడీ హై, మీ బండే కదా."

"వద్దు బాబూ. టికెట్టుంది," అన్నాడు జగ్గయ్య. మూడో పెట్టె ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆ పెట్టెల్ని వేలసార్లు బయటనుంచి లెక్కపెట్టాడు గాని లోపల బల్ల ఇంత ఇరుకని అతనికి తెలియదు.

అయిదు కొట్టగానే బండి కదిలింది. షెడ్ల మధ్య నుంచి ఖాళీ బుట్ట పట్టుకుని చిన్నమ్మలు పరుగెత్తుకొస్తోంది. "కొండన్నా! ఆపన్నా!" జగ్గయ్య ఎడమచెయ్యి దానంతటదే చంక కిందికి పోయి వెతికింది. మనోజ్‌కుమార్ చేతిలో పచ్చజెండా నిటారుగా ఉంది. తప్పు అతనిది కాదు. టైముకి తీయడమే అతని పని. చిన్నమ్మలు ప్లాట్‌ఫారం చివర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. అంతలోనే చిన్నదైపోయింది.

టికెట్లు చూసే మనిషి వచ్చి అట్టముక్కని గీత దగ్గర విరిచి, ఒక సగం తీసుకుని, ఒక సగం తిరిగి ఇచ్చాడు. జగ్గయ్య మొహం వైపు చూడనే లేదు. జగ్గయ్య ఆ సగాన్ని పిడికిట్లో పెట్టుకుని, రెండో చేత్తో రొమ్ము రాసుకుంటూ, కిటికీ కమ్మీకి తల ఆనించాడు. బోరీపారా వచ్చింది. జనం దిగారు. అలవాటు చొప్పున పెదాలు కదిలాయి, ఒకటి, రెండు, మూడు అని. పొలాల మీద ఎండ పచ్చబడి ఉంది.

కుసుమ్‌డీహ్‌లో అందరూ దిగిపోయాక కూడా అతను దిగలేదు. నిద్రపోతున్నాడనుకుని మనోజ్‌కుమార్ భుజం మీద చెయ్యి వేశాడు. కుడి భుజం ఎప్పటిలాగే కిందికి జారి ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, పెట్టె దిగి కేకేశాడు. నలుగురు కూలీలు వచ్చి మోసి దింపి, ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. మనోజ్‌కుమార్ కొత్త పుస్తకం తెరిచాడు. అందులో అదే మొదటి పేజీ.

"పూరా నామ్ క్యా థా?"

"అప్పలకొండ భయ్యా," అన్నారు నలుగురూ ఒకేసారి.

రాసుకున్నాడు. వయసు దగ్గర యాభై ఎనిమిది. టెక్కలి దగ్గర ముప్పై మూడేళ్ళ కిందట కాలిపోయిన మనిషి ఆ సాయంత్రం సర్కారు పుస్తకంలో ఇంకోసారి చచ్చిపోయాడు. జగ్గయ్య చావు ఎక్కడా ఎక్కలేదు.

మూడో పెట్టెలో, కిటికీ పక్క బల్ల మీద టికెట్టు సగం ఒకటి ఉండిపోయింది. పిడికిట్లో తడిసి మెత్తబడ్డ ఆ అట్టముక్క మీద కుసుమ్‌డీహ్ నుంచి హథ్‌ఖోజ్ అని ఉంది, కింద చిన్న అక్షరాలతో రేపటి దాకా చెల్లుతుందని ఉంది.