పొగకాకి అడిగిన బొమ్మ

నీలం పెన్సిలు అరిగిపోతోంది, సగానికి పైగా బొమ్మలో పొగకాకి కోటుకే పోయింది, పోనీ, ఆ నీలం ఎంత ముదురుగా పడితే అంత మంచిది, సైనికుల కోటు తొడుక్కుని సైనికుల ముందు నడిచినవాడని వందేళ్ల తర్వాత చూసినవాడికి కూడా తెలియాలి, ఆ పొగకాకి నా ఎదురుగానే దుప్పటి కప్పుకుని కూర్చుని దగ్గుతున్నాడు, దగ్గినప్పుడల్లా గుడ్డలో ఉమ్మి మడిచి దాచుకుంటున్నాడు, నేను చూడలేదనుకుంటున్నాడు, చూశాను, ఎర్రగా ఉంది, పదకొండేళ్లుగా నేను కోరుకున్న ఎరుపు అది, నా చేతిమీదుగా జరగాల్సిన పని రోగం చేసుకుపోతోంది, నా కడుపుమంటంతా అందుకే.

పొద్దున గుమ్మం ముందు గుర్రం దిగుతూనే, ఏం బావా, ఇంకా ఉన్నావా, నీ మొహం చూసి చావు కూడా దారి మళ్లినట్టుందే అన్నాడు, నీ దగ్గు వినపడి నీవైపు తిరిగిందిలే బావా అన్నాను, బావలం కదా, మా లకోటా తెగలో బావలు ఎగతాళి చేసుకోకపోతేనే తప్పు, వాడి చెల్లెలు వనాచ నా భార్య, ఆమె పోయాక కూడా ఆ వరస పోదు, నవ్వాలి, నవ్వాను, వాడి చంకలో తెల్లవాళ్ల కొట్లోంచి తెచ్చిన లెక్కల లెడ్జరు, సగం పేజీల్లో ఎవరిదో గోధుమరంగు సిరా రాత, మిగతావి ఖాళీ, నా పనులన్నీ ఇందులో వెయ్యి బావా, నా మనవలకి తెల్లవాళ్ల బడిలో జుట్టు కత్తిరించేశారు, మాటా కత్తిరిస్తున్నారు, బొమ్మైతే మాట రాకపోయినా చదువుకుంటారు, నీ చెయ్యి అబద్ధం వెయ్యదని అందరూ అంటారు అన్నాడు, వేశాను, పానీ తెగ గుర్రాల్ని వాడు మళ్లించుకొచ్చిన బొమ్మ, మంచులో అన్నని మోసుకొచ్చిన బొమ్మ, తల మీద గీత లాగి పొగలో కాకిని వేశాను, వాడి పేరు అదే, అవన్నీ నిజాలే, నిజాలు వెయ్యడానికి నాకేం కష్టం, పెన్సిలు చెక్కుకునే కత్తి నా మోకాలి పక్కనే ఉంది, వాడి మెడ చేతికి అందేంత దూరంలో ఉంది, అయినా కత్తిపోటు ఒక్క రోజు మాట, కాగితం అలా కాదు, అందుకే ఆగాను, ఇంకా ఏమన్నా ఉందా బావా అని అడిగాను, వాడు గుడ్డ మడిచి దాచుకుని అన్నాడు, ఆ వాగు దగ్గర వనాచ పోయిన రోజు కూడా వెయ్యి.

నేను అడగాల్సింది వాడే అడిగాడు, చెయ్యి దానంతటదే కదిలింది, కాగితం కుడి అంచున సైనికులు, మొహాలు వెయ్యలేదు, వాళ్లకి మొహాలెందుకు, వరసగా టోపీలు, తుపాకుల ముందు పొగ చుక్కలు, అందరికన్నా ముందు దారి చూపిస్తూ పొగకాకి, వాడి గుర్రం అడుగులు సైనికుల కోట దగ్గర్నించి మా డేరాల దాకా ఒక్కటీ వదలకుండా వేశాను, గుర్రాల్నే పట్టుకుంటామన్నారు, మనుషుల జోలికి రామన్నారు, నా చెల్లెలు ఆ డేరాల్లో ఉందని చెప్పాను కూడా, అని అప్పట్లో ఊరంతా చెప్పుకు తిరిగాడు, నమ్మినవాళ్లు నమ్మారు, ఎడమవైపు డేరాలు, కుక్కలు, పొగ, వనాచ పరిగెత్తుతోంది, ఎర్రబట్ట గౌను, విప్పుకున్న జడ, ఒక కాలికి పూసల జోడు ఉంది, రెండో కాలు ఉత్తది, మంచు మీద ఆ ఉత్తకాలు ఎంత తెల్లగా, కాదు, ఎర్రగా, చలికి ఎర్రబడి, పడిపోయి మళ్లీ లేచింది, మళ్లీ పడింది, ఇక లేవలేదు, గుళ్ల గుర్తులు మూడు, ఇదిగో చూసుకో బావా, నీ మనవలకి చూపించుకో, అని పుస్తకం వాడి ఒళ్లో పెట్టాను, పదకొండేళ్లలో నాకు అంత తియ్యటి క్షణం లేదు.

వాడు ఏడుస్తాడనుకున్నాను, చింపేస్తాడనుకున్నాను, రెండూ చెయ్యలేదు, గుర్రం బాగుంది, నల్లమచ్చ కుడి భుజం మీదే, గుర్తుపెట్టుకున్నావు అన్నాడు, అడుగుల మీద వేలు పెట్టి మొదట్నించి చివరిదాకా నడిపించాడు, ఇవి నావే అన్నాడు, తర్వాత ఆ వేలు ఆమె ఉత్తకాలి దగ్గర ఆగిపోయింది, నేను ఆమె దగ్గరికి వచ్చేసరికి రెండు కాళ్లకీ జోళ్లు లేవు బావా, సైనికులు ఊడబెరుక్కున్నారు, పూసలు బాగున్నాయని, నా దుప్పటి చింపి నేనే ఆ కాళ్లు చుట్టాను, ఒక జోడుతో పరిగెత్తిందని నీకెలా తెలుసు, నువ్వు వేటకి పోయానన్నావుగా, అని మెల్లగా అడిగాడు, వెక్కిరింపు లేదు, బావల గొంతు కాదది, చెల్లెలి గురించి అడిగే అన్న గొంతు, ఎవరు చూశారో చూపించని బొమ్మని ఎవరు నమ్ముతారు, బొమ్మలు వేసేవాడివి, నీకు నేను చెప్పాలా, అన్నాడు.

వేట, ఎవరడిగినా వేటకి పోయాననే చెప్పాను, మా అమ్మకి చెప్పాను, వనాచ అమ్మకి చెప్పాను, చెప్పగా చెప్పగా ఆ లేడి రంగు కూడా నాకు గుర్తుండిపోయింది, లేని లేడి, నిజానికి ఆ రోజు గుర్రాలకి కాపలా ఉన్నాను, మొదటి తుపాకీ మోతకే అడవి రేగు పొదల్లో దూరాను, ముళ్లు చెంపలు గీరాయి, నా తుపాకీలో రెండు గుళ్లున్నాయి, రెండూ సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి, ఆమె నావైపే పరిగెత్తి వచ్చింది, నేనక్కడున్నానని తెలిసి కాదేమో, తెలిసేనేమో, ఆ జోడు తుడిపేస్తే చాలు, లేదా రెండో కాలికీ ఒక జోడు వేసేస్తే నేను వేటలోనే ఉంటాను, కానీ అప్పుడామె వనాచ కాదు, ఎవరో ఎర్ర గౌను మనిషి, ఒక్క అబద్ధం దూరితే వాడి అడుగులు కూడా అబద్ధమే అంటారు, వాడి మనవలు నవ్వి పేజీ తిప్పేస్తారు, వాడు తప్పించుకుపోతాడు.

పుస్తకం వెనక్కి తీసుకున్నాను, పచ్చ పెన్సిలు లేదు, నల్లదానితోనే పొదలు గీశాను, పొదల్లో ఒక తల, చేతిలో తుపాకీ, దాని ముందు పొగ చుక్క లేదు, తల మీద గీత లాగి మూడు డాళ్లు వేశాను, అది నా పేరు, వాడు చూస్తూనే ఉన్నాడు, వాడి మీద పగ గోరంత కూడా తగ్గలేదు, చల్లారుతుందని ఎవరన్నా అంటే నమ్మను, ఒకటి మాత్రం తెలిసింది, వాణ్ని ఆ కాగితం మీద కదలకుండా పట్టి ఉంచాలంటే ఆ పొదల్లో నేనూ ఉండాలి, ఎప్పటికీ.